ఎండ ఎన్ని కుంచాలు?

శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళటం మా ఇంట్లో ఆనవాయితీ. కల్యాణం చూసి, తలంబ్రాలు కొంగున ముడివేసుకుని, తిరుగు ప్రయాణంలో మేనత్త ఇంట్లో రెండు రోజులు దిగకపోతే ఆ యాత్ర పూర్తయినట్టు కాదు. ఆవిడ ఊరు బూర్గంపహాడుకూ పాల్వంచకూ నడుమ, రోడ్డు దిగి అడవి అంచుదాకా వెళ్తే వస్తుంది. ఊరికి ఒకవైపు మిరపచేలు, రెండోవైపు ఇప్పచెట్లు. చివర్న కోయగూడెం. చీకటి పడ్డాక డాబా ఎక్కితే దూరంగా పాల్వంచ కరెంటు కార్ఖానా దీపాలు కనిపిస్తాయి.

ఈసారి నేను వెళ్ళేసరికి ఆ డాబా మీద ఒక కుర్రవాడు టేపు పట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. అత్తయ్య పిట్టగోడకు చేరగిలబడి, తన వడియాల గుడ్డ అతని కాళ్ళకింద పడకుండా కాపలా కాస్తోంది. సంగతేమిటంటే, కోటి ఇళ్ళ కప్పుల మీద సోలార్ పలకలు పెట్టిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పి.ఎం. సూర్యఘర్ అనే పథకం మొదలుపెట్టింది కదా. రెండు కిలోవాట్లు పెట్టించుకుంటే అరవై వేలు, మూడు పెట్టించుకుంటే 78 వేలు సబ్సిడీ. ఆ కోటి ఇళ్ళలో మా అత్తయ్య ఇల్లు ఒకటి కాగలదో లేదో తేల్చటానికి వచ్చాడన్నమాట ఆ అబ్బాయి.

కొలతలన్నీ అయ్యాక అత్తయ్య అడిగింది.

“నాయనా, ఇంతకీ మా డాబా మీద ఎండ ఎన్ని కుంచాలున్నదిరా?”

ఆ అబ్బాయి ఫక్కున నవ్వాడు. “ఎండను కుంచాలతో కొలవరు అమ్మమ్మా, యూనిట్లతో కొలుస్తారు!” అన్నాడు. నేనూ నవ్వాను. చదువుకున్నవాళ్ళం కదా మరి, నవ్వకుండా ఎలా ఉంటాం!

ఇంటికి వచ్చాక నాలుగు పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, నవ్వి తప్పు చేశానని. ఎండను మొట్టమొదట సరిగ్గా కొలిచినవాళ్ళలో ఒకాయన నిజంగా గిన్నెతోనే కొలిచాడు! ఆయన పేరు క్లాడ్ పుయ్యే, ఫ్రాన్సు దేశస్థుడు. 1837, 38 ప్రాంతాల్లో ఆయన ఒక చిన్న లోహపు డబ్బాకు ఒక ముఖాన మసి పూసి, దాన్నిండా నీళ్ళు పోసి, సూర్యుడికి ఎదురుగా పట్టాడు. అయిదు నిమిషాల్లో ఆ నీళ్ళు ఎంత వేడెక్కాయో థర్మామీటరు పెట్టి చూశాడు. అంతే. ఆ కాస్త వేడినుంచి లెక్కకట్టి, గాలి పొరకు పైన ఒక చదరపు మీటరు చోటు మీద ఎంత ఎండ పడుతుందో చెప్పాడు. ఈనాటి లెక్కలో చెప్పాలంటే 1,228 వాట్లు. ఇప్పుడు ఉపగ్రహాలను పైకి పంపి కొలిస్తే వచ్చిన అంకె 1,361. అంటే మసిపూసిన డబ్బాకూ ఉపగ్రహానికీ తేడా నూటికి పది మాత్రమే! మన కుంచం, మానిక, తవ్వ, సోల కూడా ఇలాంటి పాత్రలే కదా. అత్తయ్య ప్రశ్నలో నవ్వవలసింది ఏమీ లేదు.

పైన 1,361 ఉన్నది గాలిలో, దుమ్ములో, మబ్బుల్లో కొంత ఖర్చయి, నడినెత్తి ఎండలో మన డాబా మీదికి దిగేసరికి చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్లవుతుంది. వెయ్యి వాట్లు ఒక గంటసేపు ఉంటే ఒక యూనిట్, మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. పొద్దుటి నీరెండా, సాయంత్రపు వాలుటెండా, వానాకాలపు ముసురూ అన్నీ కలిపి సరాసరి చూస్తే, మన ప్రాంతంలో చదరపు మీటరుకు రోజుకు అయిదూ అయిదున్నర యూనిట్ల ఎండ పడుతుంది.

అత్తయ్య డాబా ముప్ఫై అడుగుల పొడుగు, ముప్ఫై అడుగుల వెడల్పు. అంటే 84 చదరపు మీటర్లు. గుణించి చూడండి, రోజుకు 460 యూనిట్లు! అత్తయ్య ఇంట్లో రెండు ఫాన్లు, ఒక ఫ్రిజ్జు, టీవీ, బావి మోటారు కలిపి రోజుకు వాడేది ఎనిమిది. ఇంత సంపద నెత్తిమీద పెట్టుకుని మనం నెలనెలా బిల్లు కడుతున్నామా అని గుండెలు బాదుకోవాలనిపిస్తుంది. కాస్త ఆగండి, ఈ అంకె ఎలా కరిగిపోతుందో తరవాత చెబుతాను. అంతకంటే ముందు, ఈ ఎండను ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు లెక్కపెట్టలేదా అని నాకు సందేహం వచ్చింది.

మా ప్రాంతంలో లెక్కలకు లోటేమీ లేదు. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న గుడి కట్టించి, లెక్క చెప్పలేక గోలకొండ చెరసాల పాలైన చోటు ఇది! గోదావరి సంగతి చూడండి. భద్రాచలంలో 43 అడుగులంటే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అంటే రెండోది, 53 అంటే మూడోది. ఈ మూడంకెలూ అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. 1986 ఆగస్టులో వచ్చిన వరద 75.6 అడుగులు, 2022 జులైలో వచ్చినది 71.3 అడుగులు. ముంచే నీటికి ఇంత లెక్క ఉన్నది.

బొగ్గుకైతే ఇంకా ముందునుంచీ ఉన్నది. భద్రాద్రి రాముణ్ణి చూడటానికి కాలినడకన పోతున్న యాత్రికులు, దారిలో నల్లరాళ్ళు తెచ్చి పొయ్యి పెడితే ఆ రాళ్ళే అంటుకున్నాయని మా వైపు ఒక కథ చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతానికి వచ్చి బొగ్గు ఉన్నట్టు కనిపెట్టాడు. ఆ బొగ్గు పొరల్లో ఒకదానికి ఆయన పేరే పెట్టారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. 1920లో అదే సింగరేణి కాలరీస్ అయింది. 1966లో పాల్వంచలో ఆ బొగ్గుతో కరెంటు తీయటం మొదలుపెట్టారు. “మా కాళ్ళకింద బొగ్గు పోతుంది, మా నెత్తిమీద తీగల్లో కరెంటు పోతుంది, మధ్యన మేం బిల్లు కడతాం” అంటుంది మా అత్తయ్య.

బొగ్గును కొలవటానికి మనిషి వచ్చాడంటే కారణం ఉన్నది. బొగ్గు ఎక్కడ ఉన్నదో, ఎన్ని టన్నులున్నదో తెలిస్తే దాన్ని తవ్వుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఎండ అలా కాదు. అది అందరి కప్పుల మీదా పడుతుంది, ఎవరూ మూటగట్టుకుని పోలేరు. అందుకే కాబోలు, దాన్ని కొలవాలని ఎవరికీ తొందర పుట్టలేదు.

అలాగని ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇక్కడ దక్కన్ కంపెనీ పుట్టబోతున్న రోజుల్లోనే, 1884లో, అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ అనే ఆయన సెలీనియం పలకలు తయారుచేసి న్యూయార్కులో ఒక ఇంటికప్పు మీద పెట్టాడు. అంతకు రెండేళ్ళ ముందే అదే ఊళ్ళో ఎడిసన్ బొగ్గుతో కరెంటు కేంద్రం నడపటం మొదలుపెట్టాడు. బొగ్గుతో పోటీ పడగలనని ఫ్రిట్స్ ఆశ. కానీ ఆయన పలకలు నూరుపాళ్ళ ఎండలో ఒక్క పాలే కరెంటుగా మార్చేవి. ఎవరు కొంటారు! 1954లో అమెరికాలోనే బెల్ ప్రయోగశాలవారు సిలికాన్ పలక చేసి ఆ ఒక్కపాలును ఆరుపాళ్ళు చేశారు. ఇప్పుడు బజార్లో దొరికే పలకలు ఇరవైపాళ్ళు, ఆ పైన కూడా ఇస్తున్నాయి.

పలకలు తయారయ్యాయి సరే, ఏ ఊళ్ళో ఎంత ఎండ కాస్తుందో తెలియాలి కదా? మన దేశానికి ఆ లెక్క రాసిపెట్టినది ఒక ఆడమనిషి అని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆవిడ అన్నా మణి. 1918లో తిరువాంకూరులోని పీర్మేడులో పుట్టింది. ఎనిమిదో పుట్టినరోజుకు ఇంటి ఆచారం ప్రకారం వజ్రాల దుద్దులు పెట్టబోతే, అవి వద్దు, విజ్ఞాన సర్వస్వం సంపుటాలు కొనిపెట్టమని అడిగిందట! బెంగుళూరులో సి.వి. రామన్ దగ్గర వజ్రాల కాంతి మీద పరిశోధన చేసి అయిదు వ్యాసాలు ప్రకటించింది. అయినా ఎమ్మెస్సీ పట్టా లేదన్న కారణం చూపించి ఆమెకు డాక్టరేటు ఇవ్వలేదు. చెవులకు వద్దన్న వజ్రాల మీదే అన్నేళ్ళు పనిచేసి, చివరికి చేతికి పట్టా రాలేదు. ఆవిడేమీ ఏడుస్తూ కూర్చోలేదు. 1945లో లండన్ వెళ్ళి వాతావరణ పరికరాల పని నేర్చుకుని, 1948లో పుణేలోని వాతావరణ శాఖలో చేరింది. 1953 నాటికి 121 మంది మగవాళ్ళున్న విభాగానికి ఆవిడే అధికారి.

అప్పటిదాకా చాలా వాతావరణ పరికరాలు విదేశాలనుంచి రావలసిందే. వాటిని ఇక్కడే చేయించటం ఆవిడ పట్టుదల. 1957, 58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం జరిగినప్పుడు దేశంలో ఎండను కొలిచే కేంద్రాలు నెలకొల్పింది. గాజు బుడ్డి కింద ఒక నల్లటి బిళ్ళ. ఎండ తగిలితే అది వేడెక్కుతుంది, ఆ వేడిని బట్టి అంకె వస్తుంది. పుయ్యేగారి మసిడబ్బాకు మనవరాలు అనుకోండి. ఏళ్ళ తరబడి, రోజురోజుకూ, గంటగంటకూ ఆ అంకెలు రాయించి, అన్నీ క్రోడీకరించి 1980లో భారతదేశపు ఎండ లెక్కల పుస్తకం ప్రకటించింది. ఆ తరవాత ఈ దేశంలో సూర్యశక్తి పని చేపట్టినవాళ్ళకు అదే పెద్దబాలశిక్ష అయింది. 2001లో ఆవిడ కన్నుమూసింది. పెళ్ళి చేసుకోలేదు. ఏ నగలూ పెట్టుకోని ఆ ఖద్దరు చీర మనిషి, కోట్ల ఇళ్ళ మీద పడే బంగారం ఎంతో తూచిపెట్టి వెళ్ళిందని నాకనిపిస్తుంది.

ఎండ లెక్క అలా తేలింది. మరి కప్పుల లెక్క?

ఊళ్ళో కాకులెన్ని అని రాజుగారు అడిగితే, నోటికొచ్చిన అంకె చెప్పి, ఎక్కువుంటే చుట్టపుచూపుగా వచ్చాయనీ, తక్కువుంటే చుట్టాలింటికి వెళ్ళాయనీ సర్దిచెప్పిన మంత్రి కథ మనందరికీ తెలుసు. కప్పుల లెక్కలు కూడా మొదట్లో ఇంచుమించు అలాగే కట్టారు. జనాభా ఇంత, తలకు ఇన్ని గజాల కప్పు, గుణించెయ్యి! కాస్త జాగ్రత్తపరులు నాలుగు వీధులు తిరిగి కొలిచి, దాన్నే ఊరంతటికీ వర్తింపజేశారు. తరవాత విమానాలూ ఉపగ్రహాలూ వచ్చాయి. అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల ఒకటి 128 నగరాల మీద విమానాలనుంచి లేజర్ కాంతి ప్రసరింపజేసి తీసిన కొలతలతో ఒక్కో ఇంటి వాలూ, ఏటవాలూ, చెట్టు నీడా లెక్కకట్టి, ఆ దేశానికి కావలసిన కరెంటులో నూటికి 39 పాళ్ళు కప్పుల మీదే తీయవచ్చునని 2016లో చెప్పింది. 2021లో ఐర్లండులోని కార్క్ విశ్వవిద్యాలయంనుంచి సిద్ధార్థ జోషి, ఆయన సహచరులు భూమండలం మొత్తానికీ లెక్క తేల్చారు. ప్రపంచంలోని ఇళ్ళ కప్పులన్నీ కలిపితే రెండు లక్షల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణకు రెండింతల కంటే కాస్త తక్కువ. వాటన్నిటినీ పలకలతో నింపితే ప్రపంచం ఏడాదికి వాడుకునే కరెంటుకు ఇంచుమించు సరిపోతుందట!

ఇక మన దేశానికి వస్తే, ఢిల్లీలో కౌన్సిల్ ఆన్ ఎనర్జీ, ఎన్విరాన్‌మెంట్ అండ్ వాటర్ అనే పరిశోధన సంస్థ 2023లో కట్టిన లెక్క నాకు చాలా నచ్చింది. పెద్ద అంకె చెప్పి ఊరుకోకుండా, అది ఎలా తరుగుతుందో కూడా వాళ్ళు చెప్పారు కనక. దేశంలోని పాతిక కోట్ల ఇళ్ళ మీద పెట్టగలిగింది 637 గిగావాట్లు. గిగావాటంటే పది లక్షల కిలోవాట్లు. అందులో మూడోవంతు పెట్టినా దేశంలోని ఇళ్ళన్నిటికీ సరిపడా కరెంటు వస్తుంది. కానీ ఆ ఇళ్ళలో ఉండేవాళ్ళు ఎంత కరెంటు వాడతారు, వాళ్ళకిది గిట్టుబాటవుతుందా అని చూస్తే 637 కాస్తా 118 అయింది. పెట్టించుకోవాలన్న ఇష్టం ఎందరికుంది, పెట్టిన డబ్బు అయిదేళ్ళలో తిరిగి వస్తుందా అని చూస్తే 11 అయింది. సబ్సిడీ ఇస్తే 32. నెలకు నలభై, యాభై యూనిట్లు వాడుకునే ఇల్లు అప్పుచేసి పలకలు ఎందుకు పెట్టించుకుంటుంది చెప్పండి? మన తెలంగాణలో 2024 నుంచి రేషను కార్డున్న ఇళ్ళకు 200 యూనిట్ల దాకా బిల్లే లేదాయె.

కాగితం మీది అంకెకూ కప్పు మీది పలకకూ ఎంత దూరమో ప్రభుత్వానికీ అనుభవమే. 2022 నాటికి కప్పుల మీద 40 గిగావాట్లు పెట్టిస్తామని 2015లో సంకల్పం చెప్పుకున్నారు. గడువు నాటికి నాలుగోవంతు కూడా కాలేదు.

ఇప్పుడు మా అత్తయ్య డాబా దగ్గరికి వద్దాం. దేశానికి జరిగినదంతా ఆ డాబాకూ జరిగింది.

రోజుకు 460 యూనిట్ల ఎండ అన్నాను కదా. కిలోవాటు పలకలకు సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి. తొమ్మిది వందల అడుగుల డాబా మీద గోడకూ గోడకూ ఆనించి పేర్చినా తొమ్మిది కిలోవాట్లు. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు. అంటే 36. మొదటి దెబ్బకే 460 పోయి 36 వచ్చింది!

మన అక్షాంశంలో పలకలు దక్షిణం వైపు కాస్త ఏటవాలుగా ఉండాలన్నాడు ఆ అబ్బాయి.

“దక్షిణమా! అది యముడి దిక్కురా” అన్నది అత్తయ్య.

“కరెంటుకు మాత్రం అదే లక్ష్మీదిక్కు అమ్మమ్మా” అన్నాడు. గడుసువాడే!

వాస్తు ప్రకారం నీళ్ళ ట్యాంకు నైరుతి మూల కట్టించారు మా మామయ్య. సాయంత్రం పొద్దు వాలగానే దాని నీడ డాబా నడిమధ్యకు పాకుతుంది. పలకలో గడులన్నీ ఒకదానికొకటి దండలాగా కలిపి ఉంటాయట. ఒక గడి మీద నీడ పడినా, ఒక ఎద్దు మొరాయిస్తే బండి ఆగినట్టు, పక్కవాటి కరెంటు కూడా పడిపోతుంది. ట్యాంకు నీడ పోయింది, మెట్లగది నీడ పోయింది, మనుషులు తిరగటానికి దారి పోయింది. మిగిలింది అయిదు కిలోవాట్లు.

“పోనీలే, మా మే నెల ఎండలు చూశావా? అప్పుడు మీటరు గిర్రున తిరుగుతుందిగా” అన్నది అత్తయ్య ఆశగా.

అదీ లేదట! పలకకు కావలసింది వెలుగు, వేడి కాదు. పాతిక డిగ్రీల దగ్గర పరీక్షించి దాని శక్తి ఇంత అని ముద్ర వేస్తారు. ఆ పైన ఒక్కో డిగ్రీకీ వెయ్యింటికి మూడు నాలుగు పాళ్ళు తగ్గుతుంది. మా వైపు 45 డిగ్రీల ఎండలో పలక ఒళ్ళు 65 దాటుతుంది. నూటికి పన్నెండు పాళ్ళు పైనే గాలికి పోయినట్టు. ఆకాశం తేటగా ఉండి గాలి చల్లగా ఉండే మాఘ, ఫాల్గుణాలే దానికి మంచి రోజులు. ఇన్నాళ్ళూ మమ్మల్ని వేపుకుతిన్న ఎండ, తీరా పని చెప్పేసరికి చేతులెత్తేసిందన్నమాట.

“అమ్మమ్మా, ఆ పడమటివైపు వేపచెట్టు కొట్టించేస్తే ఇంకో కిలోవాటు పెట్టుకోవచ్చు” అన్నాడు అబ్బాయి.

అత్తయ్య అతనివైపు ఒక్క క్షణం చూసింది. “ఆ చెట్టు నీడ పడమటి గోడమీద పడబట్టి, నేను మధ్యాహ్నం ఫాను లేకుండా పడుకుంటానురా. ఆ నీడ ఎన్ని యూనిట్లో నీ కాగితంలో రాసుకున్నావా?” అన్నది.

రాసుకోలేదు. ఆ కాగితంలో అలాంటి గడి లేదు.

ఇంకొక గడి కూడా లేదని నాకు కాస్త తరవాత తెలిసింది. అతని ఫోనులో, ఆకాశంనుంచి తీసిన అత్తయ్య డాబా ఫోటో ఒకటి ఉన్నది. దాని చుట్టూ గీత గీసి “ఖాళీ స్థలం” అని రాసి ఉన్నది. ఖాళీ! మాఘం నుంచి మిరపకాయలు, తరవాత వడియాలు, అప్పడాలు, చింతపండు, ఆవకాయ రోజుల్లో మామిడి ముక్కలు, రాత్రిళ్ళు మంచాలు, పిల్లల పరుపులు. ఆడవాళ్ళు ఏడాది పొడుగునా ఎండను వాడుకునే చోటు అది. ఉపగ్రహం ఫోటో తీసిన రోజు ఆ గుడ్డ పరచలేదు కాబోలు!

పైగా అది అత్తయ్య ఒక్కదాని చోటు కూడా కాదు. ఆ మధ్యాహ్నమే కోయగూడెంనుంచి ఒకావిడ నెత్తిమీద బుట్టతో వచ్చింది. ఇప్పపువ్వు రాలే రోజులు కదా, తెల్లవారుజామునే అడవికి పోయి ఏరుకొచ్చిన పువ్వు. నేలమీద ఆరబోస్తే మేకలు బతకనివ్వవనీ, తన ఇల్లు తాటాకు ఇల్లు గనక పైన పోసుకునే వీలు లేదనీ, ఏటా అత్తయ్య డాబా మీదే ఎండబెట్టుకుంటుందిట. ఆ అబ్బాయి టేపు చూసి, సంగతి విని, “మా ఇంటికీ పెడతవా బిడ్డా?” అని అడిగింది.

“తాటాకు కప్పు బరువు ఆపలేదమ్మా. కప్పు గట్టిది కావాలి” అన్నాడతను. అతని గొంతులో నిర్లక్ష్యం ఏమీ లేదు, ఉన్నమాటే చెప్పాడు.

“కప్పు గట్టిది కాదు గానీ, ఎండ గట్టిదే కదయ్యా” అన్నది ఆవిడ.

దానికి అతని దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. మన జనగణనవాళ్ళు ప్రతి ఇంటికీ కప్పు దేనితో వేశారని అడిగి రాసుకుంటారు. 2011 లెక్క ప్రకారం దేశంలో నూటికి 29 ఇళ్ళకే కాంక్రీటు కప్పు. గడ్డీ, తాటాకూ, వెదురూ కప్పిన ఇళ్ళు నూటికి పదిహేను. అప్పటికీ ఇప్పటికీ డాబాలు పెరిగే ఉంటాయి. అయినా రాత్రిపూట పాల్వంచ దీపాలు కనబడేంత దూరంలో, ఎండ అందరికంటే ఎక్కువగా తగిలే కప్పులు కొన్ని ఈ లెక్కలోకి రాకుండానే మిగిలిపోతున్నాయి. అలాంటి ఇంటికి కావలసినదేమో రెండు దీపాలూ ఒక ఫానూ! దానికి ఒక్క పలక చాలు. అది కప్పు మీదే ఉండనక్కరలేదు, పెరట్లో గట్టి స్తంభం పాతినా నిలుస్తుంది, గూడెం బడి కప్పు మీదైనా ఉండవచ్చు. కాకపోతే “ఈ కప్పు పనికివస్తుందా?” అని కాకుండా, “ఈ ఇంటికి ఏం కావాలి?” అని అడుగుతూ మొదలుపెట్టే కాగితం ఇంకొకటి కావాలి.

లెక్కలు దండగని నేను అనటం లేదు. అన్నా మణి అంకెలు రాసిపెట్టకపోతే ఈ అబ్బాయి మా డాబా ఎక్కేవాడే కాదు. 1889లో మొదట బొగ్గు తవ్విన ఆ ఇల్లందులోనే ఇప్పుడు సింగరేణివాళ్ళు 39 మెగావాట్ల సోలార్ కేంద్రం పెట్టి నడుపుతున్నారు. పాల్వంచలో పాత కార్ఖానా కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో కూల్చేశారు. చిన్నప్పటినుంచీ బస్సు కిటికీలోంచి చూస్తూ వచ్చిన టవర్లు, క్షణాల్లో దుమ్మయిపోయాయి. కాలం ఎటు పోతున్నదో తెలుస్తూనే ఉన్నది. అటు పోయేటప్పుడు ఎవరి కప్పు లెక్కకు వచ్చిందీ, ఎవరిది రాలేదూ అన్నది కూడా ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా అని నా బాధ.

చివరికి అత్తయ్యే తీర్పు చెప్పింది. వేపచెట్టుకు దక్షిణం కొమ్మ ఒకటి కొట్టించటానికి ఒప్పుకుంది, చెట్టు జోలికి మాత్రం పోవద్దన్నది. రెండు కిలోవాట్లు చాలు, రెండువందల అడుగులు తీసుకోమన్నది. అంటే రోజుకు ఎనిమిది యూనిట్లు, సరిగ్గా ఆవిడకు కావలసినంత. “మూడు పెట్టించుకుంటే సబ్సిడీ ఇంకో పద్ధెనిమిది వేలు వస్తుంది అమ్మమ్మా” అని అబ్బాయి ఆశపెట్టాడు. “మిగతా చోట నా వడియాలూ, దాని పువ్వూ ఎండాలి నాయనా” అన్నది. అతను ఇంకేమీ అనకుండా కాగితంలో మూడు కొట్టేసి రెండు వేసుకున్నాడు.

పొద్దు గూకుతుండగా గూడెం ఆవిడ మళ్ళీ వచ్చింది. మూడు రోజులుగా ఎండుతున్న పువ్వు గలగలలాడుతూ ఎర్రగా తేలింది. అత్తయ్య లోపలికి వెళ్ళి, ధాన్యం కొలిచే పాత కుంచం తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ డాబా మీద కూర్చుని కొలిచారు. ఒక కుంచం, రెండు కుంచాలు, ఆ పైన ఒక అడ్డెడు.

“ఇదిగో అమ్మాయ్, రాసుకో” అన్నది అత్తయ్య నావైపు తిరిగి. “మా డాబా మీద ఎండ, రెండున్నర కుంచాలు.”

రాసుకున్నాను.